పదహారు అడుగుల పడవ వెనుక ఏ జెండా కట్టాలి?

పదహారడుగులు (బెసెంట్ నగర్, చెన్నై)

అందరికీ నమస్కారం. నేను వృత్తిరీత్యా ఆడిటర్‌ను. లెక్క తేలని వస్తువు ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. ప్రస్తుతం మా భోజనాల బల్ల మీద నాలుగు జెండాలున్నాయి. వాటి లెక్క తేలడం లేదు.

రెండేళ్ళ క్రితం పదహారు అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఒకటి పాతది కొన్నాను. గాలి పడిపోతే ఒడ్డు చేరడానికి ఎనిమిది గుర్రాల మోటారు వెనుక తగిలించి ఉంది. ఆదివారాలు హార్బరు పరిసరాల్లో తిప్పుతాను. అక్టోబరులో వానలు మొదలైతే ఒడ్డుకు లాగి, సంక్రాంతి దాకా టార్పాలిన్ కప్పి ఉంచుతాను. పేరు కృష్ణవేణి. మాది బందరు, పేరు అమ్మ పెట్టింది.

పోయిన ఆగస్టు 15న ఖాదీ భండారులో త్రివర్ణ పతాకం కొని, వెదురు కర్రకు కట్టి, పడవ వెనుక మూలన బిగించాను. పదకొండు దాటాక సముద్రపు గాలి అందుకుంది. మలుపు తిప్పేసరికి పడవ ఒరిగింది. పడవతో పాటు కర్రా ఒరిగింది. జెండా కింది మూల జానెడు మేర నీళ్ళలో ఈదింది. తడిసిన ఆకుపచ్చ నల్లగా కనబడుతోంది. పక్క పడవలోంచి ఒక పెద్దాయన తమిళంలో గట్టిగా కేకలేశాడు. నేను కంగారుపడి చుక్కాని వదిలి జెండా పట్టుకున్నాను. చుక్కాని వదిలిన పడవ ఊరుకుంటుందా? గాలికి ఎదురు తిరిగింది, తెరచాప కింది కొయ్య వచ్చి నా చెంప మీద కొట్టింది. కళ్ళద్దాలు ఇప్పటికీ హార్బరు అడుగునే ఉన్నాయి.

ఒడ్డుకు వచ్చాక తలా ఒక మాట. పడవకు జాతీయ జెండా కట్టకూడదు, ఎర్ర ఎన్‌సైన్ (ఓడ ఏ దేశానిదో చెప్పే జెండా) కట్టాలి అన్నారొకరు. బొమ్మ చూపించి మైలాపూరులో ఒక దర్జీ చేత అదీ కుట్టించాను. సౌతాంప్టన్‌లో ఉన్న మా బావమరిది నీలం ఎన్‌సైన్ ఒకటి పంపించాడు, "తెల్ల పడవకు నీలం బాగుంటుంది బావా" అని. నాలుగోది మా క్లబ్బు మూడుమూలల జెండా, బర్జీ. ఇవి చాలనట్టు మా అమ్మాయి రంగురంగుల సంకేత జెండాల తోరణం తెప్పించింది.

నా ప్రశ్నలు: ఈ పడవకు నిజంగా కట్టవలసినది ఏది? ఎక్కడ, ఎంత సైజులో? రాత్రి దించాలా? ఇంకొకటి. ఈ మధ్య ఒక విదేశీ పడవ మన జెండాను కుడిపక్క తాడుకు, తమ జెండాను వెనుక కట్టుకుని వచ్చింది. మన నీళ్ళలో మన జెండాకు పక్కన చోటిచ్చి, వాళ్ళది వెనుక గొప్పగా ఎగరేసుకోవడం మర్యాదేనా?

పాత సరంగు (రాయపురం)

ఆడిటర్ గారూ, ముందుగా మీ కళ్ళద్దాలకు నా సానుభూతి.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు సరుకు ఓడల్లో పనిచేశాను. మాది విశాఖ, రిటైరయ్యాక ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నాను. ఓడ మీద జెండాల పెట్టె అధికారులది, తాడు లాగే చేతులు మావి. కాబట్టి తాడు కొసన నిలబడ్డవాడు చెప్పే మాటలుగా తీసుకోండి.

మీరు "పడవ వెనుక" అని రాశారు. దానికి మన భాషలో అమరం అని చక్కటి మాట ఉంది. ముందు భాగం అణియం. ఇక్కడి తమిళ జాలర్లవీ ఇవే మాటలు. కాశిమేడులో మొదటిసారి విన్నప్పుడు మా తాత గొంతు విన్నట్టనిపించింది. ఎన్‌సైన్ స్థానం ఈ అమరమే. ఓడ మీద అన్నిటికంటే గౌరవమైన చోటు అది. ఎందుకంటే అక్కడ కట్టిన జెండా ఒక్కటే "ఈ ఓడ ఫలానా దేశానిది" అని చెబుతుంది. మిగతా చోట్ల కట్టేవన్నీ మర్యాదలో, కబుర్లో.

దీనితోనే మీ చివరి ప్రశ్న తేలిపోయింది. ఆ విదేశీ పడవవాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళు మర్యాదే. సొంత దేశపు జెండా అమరంలో, అతిథిగా వచ్చిన దేశపు జెండా కుడివైపు తాడుకు ఎత్తులో. ప్రపంచమంతా ఇదే ఆచారం. అమరంలో మన జెండా కట్టి ఉంటే అది అబద్ధం అయ్యేది. రేపు మీరు రిజిస్టరైన పడవలో శ్రీలంక వెళితే వాళ్ళ సింహం మీ కుడివైపు ఎగరాలి. అక్కడి అధికారులు వచ్చి చూసేదాకా దానితో పాటు పసుపు జెండా ఒకటి. "మా పడవలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, ప్రవేశానికి అనుమతి ఇవ్వండి" అని దాని అర్థం. అందుకే మీ అమ్మాయి తెప్పించిన తోరణంలోంచి ఒక్కొక్క జెండా విడదీసి సరదాగా కట్టకండి. సంకేత జెండా ప్రతిదీ ఒక మాట. నీలం తెలుపు కలిసి, చివర చీలిన తోకలా ఉన్నదాన్ని కట్టారంటే, కింద గజ ఈతగాడు మునిగి ఉన్నాడని పక్క పడవలన్నీ వేగం తగ్గిస్తాయి. పండగ రోజు తోరణం మొత్తంగా అణియం నుంచి తెరచాప నిలువు కొయ్య కొన మీదుగా అమరం దాకా కడితే ఎవరూ అర్థాలు వెతకరు.

ఇక రంగులు. బ్రిటిష్ నౌకాదళంలో ఒకప్పుడు ఎరుపు, తెలుపు, నీలం అని మూడు దళాలుండేవి. 1864లో ఆ విభజన ఎత్తేసి తెలుపును యుద్ధనౌకలకు, నీలాన్ని ప్రభుత్వ కొలువులో ఉన్న ఓడలకు, ఎరుపును వ్యాపార ఓడలకు పంచారు. మనం ఆ పంపకాన్నే ఉంచుకుని, పై మూలన ఉన్న వాళ్ళ జెండా తీసి మన త్రివర్ణం పెట్టుకున్నాం. తెల్లది మన నౌకాదళానిది. కొచ్చిలో విక్రాంత్‌ను దళంలో చేర్చిన రోజున, 2022 సెప్టెంబరు 2న, దాని మీది ఎర్ర శిలువ పోయి నీలి అష్టకోణంలో లంగరు వచ్చింది. నీలం చూడాలంటే దూరం వెళ్ళనక్కర్లేదు, మన హార్బరులోనే కోస్ట్ గార్డు ఓడల అమరం వైపు చూడండి. తెరచాప పడవైనంత మాత్రాన తెల్లది కట్టకూడదా అని ఎవరైనా తారిణిని ఉదాహరణగా చూపవచ్చు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఆరుగురు మహిళా అధికారులు భూమిని చుట్టివచ్చిన పడవ అది. వారిలో మా విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారని చెప్పుకోవడం నాకు ఇష్టం. అది నౌకాదళపు పడవ, తెలుపు దాని హక్కు. మనది కాదు.

మీ బావమరిది పంపిన నీలం పై మూలన బ్రిటిష్ జెండా ఉంటుంది, చూసుకోండి. వాళ్ళ దేశంలోనే ప్రత్యేక అనుమతి ఉన్న క్లబ్బుల సభ్యులకు తప్ప విహార పడవలకు అది చెల్లదు. చెన్నైలో మీరు కడితే రెండు అబద్ధాలు ఒకే కర్రకు కట్టినట్టు. మడిచి అలమారలో పెట్టండి, బావమరిదికి నా మాటగా చెప్పండి.

ఎరుపు గురించి మాత్రం మీ స్నేహితుడు సగమే చెప్పాడు. త్రివర్ణం మూలన ఉన్న ఎర్ర ఎన్‌సైన్ భారతీయ నౌకగా రిజిస్టరైన వాటిది. మీ పడవకు ఆ కాగితం ఉందా? లేకపోతే ఎరుపు మీద మీకున్నది ముచ్చటే, హక్కు కాదు.

సైజు. అడుగు పొడవుకు ఒక అంగుళం జెండా, ఇది పాత లెక్క. మీకు పదహారు అంగుళాలు. మీరు ఖాదీ భండారులో కొన్నది ఎంతో రాయలేదు, కానీ జానెడు నీళ్ళలో మునిగిందంటే మూడు అడుగులదై ఉంటుందని నా పందెం. పద్దెనిమిది అంగుళాలు దాటకండి. మోటారు మధ్యలో ఉంది కాబట్టి కర్రను కుడి మూలన నిలపండి. కొద్దిగా వెనక్కి వాలితే చాలు. వెదురు వద్దు, ముడి దగ్గర జారుతుంది. పాత పడవ తెడ్డు కాడ ఉంటే దాన్ని చెక్కించుకోండి. పైన కప్పీ ఒకటి, కింద తాడు చుట్టడానికి కొక్కెం ఒకటి ఉంటే జెండాను నిమిషంలో దించవచ్చు, చుక్కాని వదలనక్కర్లేదు.

ఒక తప్పు నాది కూడా చెబుతాను. నా మొదటి ఓడలో తెల్లవారుజామున చీకట్లో ఎన్‌సైన్ తలకిందులుగా ఎత్తాను. త్రివర్ణం కింది మూలన వేలాడుతోంది. ఎవరూ చూడలేదనుకుని టీ తాగుతున్నాను. పక్క రేవులో ఉన్న నార్వే ఓడవాళ్ళు పడవ వేసుకుని వచ్చి "మీకేమైనా ఆపదా" అని అడిగారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు, తాడు కట్టే ముందు పై అంచును వేలితో తడిమి చూశాకే లాగాను.

తీరవాసి (నీలాంగరై)

నేను న్యాయవాదిని. సరంగు గారి ఆచారానికి చట్టం జోడిస్తాను.

జాతీయ పతాకానికి సంబంధించి రెండు చూడాలి: 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం, 2002 జనవరి 26 నుంచి అమలులో ఉన్న పతాక నియమావళి. పౌరుడు ఏ రోజైనా గౌరవంగా పతాకం ఎగరేయవచ్చు. అది భావప్రకటన స్వేచ్ఛలో భాగమని 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కార్ల మీద పతాకం కొందరు పదవుల్లో ఉన్నవారికే పరిమితం, నిజమే. కానీ ఆ జాబితా మోటారు కార్ల గురించి. పడవల గురించి నిషేధం వేరు: పతాకాన్ని పడవ పైకప్పు మీద, పక్కల, వెనుక గుడ్డలా కప్పకూడదు. కర్రకు ఎగరేయడం కప్పడం కాదు. కాబట్టి "పడవకు జాతీయ జెండా కట్టకూడదు" అన్న మాటను నేను ఒప్పుకోను.

నీళ్ళ సంగతికి వస్తే, పతాకం నేలను తాకడం, నీళ్ళలో ఈడ్వబడడం రెండూ తప్పే. అయితే చట్టంలో "ఉద్దేశపూర్వకంగా" అనే మాట ఉంది. కళ్ళద్దాలు పోగొట్టుకుని మరీ జెండాను పట్టుకున్న మీ మీద ఆ మాట ఏ కోర్టులోనూ నిలవదు.

సరంగు గారు రాయనిది ఒకటుంది. వాణిజ్య ఓడలు యుద్ధనౌక ఎదురైతే ఎన్‌సైన్‌ను సగానికి దించి వందనం చేస్తాయి. త్రివర్ణం కట్టుకున్నప్పుడు మీరు ఆ పని చేయకండి. జాతీయ పతాకాన్ని ఏ వ్యక్తికీ, ఏ వస్తువుకూ వందనంగా దించకూడదని చట్టమే చెబుతోంది. తోరణంలో త్రివర్ణాన్ని కలపకూడదు. దాని పైన గానీ, అదే కర్రకు గానీ బర్జీ కట్టకూడదు.

రాత్రి గురించి: బహిరంగ స్థలంలో, ఇంటి మీద రాత్రింబవళ్ళు ఉంచవచ్చని 2022 జూలైలో సవరించారు. ఎవరూ లేని పడవలో రాత్రంతా వదిలేయమని దాని అర్థం కాదని నా అభిప్రాయం. ఖాదీయే కావాలన్న పట్టింపు కూడా వద్దు. 2021 డిసెంబరు 30 సవరణతో పాలిస్టరు, యంత్రం మీద చేసినవి కూడా చెల్లుతాయి.

రిజిస్ట్రేషను విషయానికి వస్తే, 1958 నాటి వాణిజ్య నౌకల చట్టంలో పదిహేను నికర టన్నులు మించకుండా మన తీరంలోనే తిరిగే వాటికి మినహాయింపు ఉండేది. 2025లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది ఆమోదించింది. ఎర్ర ఎన్‌సైన్ మీద మోజు తీరకపోతే, రాజాజీ శాలై దగ్గరున్న మర్కంటైల్ మెరైన్ విభాగంలో మీ కాగితాలు చూపించి అడగండి.

గాలివాటం (అన్నానగర్)

నేను స్కూలు రోజుల నుంచి డింగీ (చిన్న తెరచాప పడవ) పందేలలో ఉన్నాను. క్షమించండి, పదహారు అడుగుల పడవకు ఇంత చర్చా? పందెంలో ఉన్న పడవ ఎన్‌సైన్ కట్టదు. కట్టిందంటే పందెంలో లేదని మిగతావాళ్ళు అనుకుంటారు. ఇన్నేళ్ళలో నేను జెండా కట్టింది లేదు, సముద్రం నన్ను ఏ దేశమని అడిగింది లేదు. ఆదివారం బర్జీ ఒక్కటి చాలండీ. ఆ డబ్బుతో కళ్ళద్దాలకు తాడు కొనుక్కోండి, మెడకు వేసుకునేది. రెండు వందలు కూడా కాదు.

పాత సరంగు

అమ్మాయీ, పందెం సంగతి నువ్వు చెప్పింది నిజం. ఆదివారం సంగతి కూడా ఒప్పుకుంటాను. వందనం గురించి లాయరు గారు చెప్పింది నేను రాయకపోవడం మరుపే. సరుకు ఓడలో ఆ పని నాకు చాలా ఇష్టం. ఎర్ర జెండాను మెల్లగా సగానికి దించి, అవతలి యుద్ధనౌక తనది దించి మళ్ళీ ఎత్తేదాకా తాడు పట్టుకుని నిలబడాలి. ఇరవై వేల టన్నుల ఓడ తల వంచినట్టుంటుంది. ఒకసారి అటువాళ్ళు గమనించలేదు. మేము ఎత్తలేక, దించలేక పది నిమిషాలు అలాగే ఉన్నాం.

ఆడిటర్ గారు పాలిస్టరే కొనాలి. తడిసిన ఖాదీ బరువు కర్రను వంచుతుంది, ఉప్పు పట్టితే అంచు దారాలు నెలలో విడిపోతాయి. చిరిగిన జెండా ఎగరేయడం కంటే కట్టకపోవడం మేలు. ఇంటి బాల్కనీలో ఖాదీ, పడవలో పాలిస్టరు.

పదహారడుగులు

అందరికీ కృతజ్ఞతలు. సరంగు గారు పందెం గెలిచారు. టేపు పెట్టి కొలిచాను: 900 మిల్లీమీటర్లు, 600 మిల్లీమీటర్లు. దాదాపు మూడడుగులు. కొనేటప్పుడు ఎంత పెద్దదైతే అంత భక్తి అనుకున్నాను. నియమావళిలో నిర్ణీత కొలతలు తొమ్మిది ఉన్నాయి. పడవకు సరిపోయేది 450, 300. అది ప్రముఖుల విమానాలకు పెట్టిన కొలతట. కృష్ణవేణికి ఆ మర్యాద దక్కినందుకు అమ్మ సంతోషించింది.

ఇంకొక సంగతి తేలింది. లెక్కపెట్టడం నా జబ్బు కదా, దర్జీ కుట్టిన ఎర్ర ఎన్‌సైన్ మూలనున్న ధర్మచక్రం ఆకులు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు ఉండాలి. ఇరవై ఒకటే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను, ఇరవై ఒకటే. పైగా చక్రం ఒకవైపే ఉంది, అవతల ఉత్త తెలుపు. దర్జీని తప్పు పట్టను. నేనిచ్చిన బొమ్మ ఫోనులో తీసిన బఠాణీ గింజంత చక్రం.

తీర్మానం ఇలా చేసుకున్నాను. మామూలు ఆదివారాల్లో నిలువు కొయ్య మీద బర్జీ మాత్రమే. ఆగస్టు 15న, జనవరి 26న అమరంలో త్రివర్ణం, ఆ రోజు పందెం ఉంటే అది ముగిశాక. నీలం అలమారలోకి వెళ్ళింది. బావమరిదికి సరంగు గారి మాట యథాతథంగా పంపాను, ఇంకా జవాబు లేదు. ఎరుపు కాగితాలు వచ్చేదాకా ఆగుతుంది.

పదహారడుగులు (జనవరి 27)

ఎవరైనా ఎదురుచూస్తున్నారేమోనని రాస్తున్నాను. నిన్న కట్టాను. పాత తెడ్డు కాడ, ఇత్తడి కప్పీ, కుడి మూల. తాడు లాగే ముందు పై అంచును వేలితో తడిమాను, కాషాయమే. గాలి ఈశాన్యం నుంచి నెమ్మదిగా ఉంది. పడవ రెండుసార్లు బాగానే ఒరిగింది. జెండా కింది అంచుకూ నీళ్ళకూ మధ్య ఎప్పుడూ మూరెడు తేడా ఉంది. అమ్మాయి పక్కన కూర్చుని చూసి చెప్పింది, నేను చుక్కాని వదలలేదు.

పోయినసారి కేకలేసిన పెద్దాయన పడవ కూడా ఎదురైంది. ఆయన జెండా వైపు చూసి, నా మెడలో వేలాడుతున్న కళ్ళద్దాల తాడు వైపు చూసి, "అది ఎంతకు కొన్నారు" అని అడిగాడు. చెప్పాను.

మనకు సూర్యుడు సముద్రంలోంచి లేచి ఊరి మీద దిగుతాడు కాబట్టి, సాయంత్రం భవనాల వెనక్కి పోయాక అస్తమయం ఎప్పుడయిందో పడవలోంచి తెలియదు. పంచాంగం చూసుకుని అయిదు నిమిషాల ముందే దించి, పొడిగుడ్డతో తుడిచి, మడత పెట్టాను.

ఎర్ర ఎన్‌సైన్ సంగతి మాత్రం నా చేతిలో లేదు. కట్టినా కట్టకపోయినా తప్పు చక్రం ఇంట్లో ఉండడానికి వీల్లేదని అమ్మ సూది పట్టుకుని కూర్చుంది. కుట్టు విప్పి మళ్ళీ వేస్తుందట, ఈసారి రెండువైపులా. డెబ్బై ఎనిమిదేళ్ళు, నా పాత కళ్ళద్దాలు పెట్టుకుంది. రాత్రికి పదిహేడు ఆకులు విప్పింది. ఇంకా నాలుగున్నాయి.